పాటకు వెనకపాట

ఈ రోజుల్లో పాట రికార్డు చెయ్యాలంటే హైదరాబాదు పరుగెత్తనక్కరలేదు. ఒక మైకు, ఆడియో ఇంటర్‌ఫేసు అనే చిన్న పెట్టె, ఒక లాప్‌టాప్ ఉంటే చాలు, నట్టింట్లోనే స్టూడియో వెలుస్తుంది. అయితే ఈ ఇంటి స్టూడియోకు రెండు జబ్బులున్నాయి. పాడిన గొంతు చెవికి ఆలస్యంగా చేరడం ఒకటి. పాట మధ్యలో టిక్కు టిక్కుమనడం రెండోది. ఒకదానికి మందు వేస్తే రెండోది ముదురుతుంది!

ఖమ్మంలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ దేనికంటారా? దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చి మా కాలేజీలో చదివే కుర్రవాడొకడు, వేసవి సెలవుల్లో వాళ్ళ అవ్వ చేత కోయపాటలు పాడించి దాచాలనుకున్నాడు. తోడు రమ్మంటే వెళ్ళాను. ముందే రికార్డు చేసిన డోలు వింటూ పాడాలని అవ్వకు హెడ్‌ఫోను పెట్టాడు. ఆమె రెండు చరణాలు పాడి ఆపేసింది.

"నా ఎనక ఎవరో పాడుతున్నరు బిడ్డా, ఆమెను ఊకోమను" అంది.

ఆ పాడేది ఆవిడ గొంతే! మైకులోంచి వచ్చిన ధ్వనిని పెట్టె సెకనుకు 48,000 అంకెలుగా మారుస్తుంది. వాటిని విడివిడిగా పంపదు. భద్రాచలం అడవుల్లో తునికాకును 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేర్చినట్టు, కట్టలుగా పంపుతుంది. ఆ కట్టే బఫర్. కట్టకు 1024 అంకెలైతే నిండడానికే 21 మిల్లీసెకన్లు. లోపలికి ఒక కట్ట, బయటికి ఒక కట్ట, వెరసి 42. అంతలో శబ్దం గాలిలో 14 మీటర్లు పోతుంది. అంటే అవ్వకు తన గొంతు వాకిట్లో ఇప్పచెట్టు కింద నుంచి వినబడ్డట్టన్నమాట.

కుర్రవాడు చురుకైనవాడు. కట్టను 128కి దించాడు. ఆలస్యం అయిదారు మిల్లీసెకన్లయింది. అవ్వ హాయిగా పాడింది. తీరా విని చూద్దుము గదా, పేలాలు వేగినట్టు టిక్కులు! చిన్న కట్టలు సెకనుకు 375 వస్తాయి మరి. కల్లంలో లెక్క చూసేవాడు కాస్త తల తిప్పాడో, ఒక కట్ట గల్లంతు.

"టిక్కులు తర్వాత తుడిచేద్దాం సార్" అన్నాడు.

నేనొప్పుకోలేదు. ఆలస్యం వల్ల సరుకు పోదు. ట్రాకును కాస్త ముందుకు జరిపితే సరి. పోయిన కట్ట మటుకు తిరిగి రాదు. సాఫ్ట్‌వేర్ అక్కడ ఊహించి అతుకు వేస్తుందంతే. కోయ భాష గోండికి దగ్గరి చుట్టం. పాటలేమో నోటి నుంచి నోటికి వచ్చినవి. జారిన అక్షరాన్ని ఏ పుస్తకంలో వెతుకుతాం? సమ్మక్క సారలమ్మల కథలు పాడి 2022లో పద్మశ్రీ పొందిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారు 2024లో కన్నుమూశారు. అటువంటివారిని మళ్ళీ పాడమని అడగలేం గదా.

అందుకని కట్టను తిరిగి 1024కే పెంచాం. మరి వెనకపాట మాటో? చాలా పెట్టెల మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే గొంతు కంప్యూటరు గడప తొక్కకుండానే హెడ్‌ఫోనుకు చేరుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగు ఆపెయ్యాలి, లేకపోతే రెండు గొంతులూ వినిపిస్తాయి. బ్లూటూత్ హెడ్‌ఫోను దీనికి బొత్తిగా పనికిరాదు.

ఆపైన కంప్యూటరు తల తిప్పే సాకులు తీసెయ్యాలి. వైఫై కట్టెయ్యడం, చార్జరు తగిలించి బ్యాటరీ పొదుపు మాన్పించడం, పెట్టెను హబ్బుకు కాక నేరుగా యుఎస్‌బికి కలపడం. విండోస్ అయితే పెట్టె తయారుచేసినవారి ఆసియో డ్రైవరే వాడాలి. ఇంకా టిక్కుమంటే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం ఏ డ్రైవరు అడ్డుపడుతోందో పేరుతో సహా చెబుతుంది. ఆడాసిటీ వాడేవారికి జారిన చోట్ల గుర్తు పెట్టే సదుపాయం ఉంది. పాడినవారు ఎదుట ఉండగానే చూసుకోవాలి.

ఆ మధ్యాహ్నం అవ్వ పదకొండు పాటలు పాడింది. ఒక్క గుర్తూ పడలేదు. పన్నెండోది నాట్లప్పుడే పాడాలట, అప్పుడు రమ్మంది.