విల్లా లాన్‌లో మచ్చలా? నీళ్లు వదిలే ముందు ఆగండి

గల్ఫ్‌లో తోట పని చేసే మనవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న లాన్‌లో ఎండుగడ్డి రంగు మచ్చలు లేస్తాయి. 'నీళ్లు సరిగ్గా పెట్టడం లేదు' అని యజమాని కేకలేస్తాడు. మాట పడలేక సాయంత్రం కూడా పైపు తిప్పుతాం. మచ్చ తెగులుదైతే, రాత్రంతా తడిసిన గడ్డిలో అది ఇంకా పాకుతుంది. నింద మాత్రం మన మీదే!

నిజానికి ఈ తెగుళ్లు మనకు కొత్త కావు. ఊళ్లో వరికి పొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా శిలీంధ్రమే లాన్‌లోనూ గుండ్రటి పెద్ద మచ్చలు తెస్తుంది. నారుమళ్లను కుళ్లబెట్టే పిథియం ఇక్కడా ఉంది.

తెగులేనా, కాదా?

గడ్డి నీలి బూడిద రంగుకు తిరిగి, అడుగు వేస్తే ముద్ర అలాగే ఉండిపోతే అది నీటి ఎద్దడి. మట్టి మీద తెల్లటి పొర కడితే ఉప్పు. గడ్డిని లాగితే చాపలా పైకి లేస్తే వేరు పురుగు. ఇవేవీ కాకుంటే తెల్లారగట్ల, మంచు ఆరకముందే వంగి చూడాలి.

నాణెమంత తెల్లటి మచ్చలు, ఆకు మీద ఎర్రగోధుమ అంచున్న గాటు కనిపిస్తే డాలర్ స్పాట్. నత్రజని తక్కువైన లాన్‌కు ఇది త్వరగా వస్తుంది. గడ్డి నూనె పూసినట్టు నల్లబడి, దూదిలాంటి బూజు పట్టి, నీళ్లు పారిన దారి వెంట పాకితే పిథియం. చలికాలానికి రై గడ్డి చల్లి, రోజుకు నాలుగైదుసార్లు తడిపినప్పుడు దీని బెడద ఎక్కువ.

మందు కన్నా ముందు

నీళ్లు సూర్యోదయానికి కాస్త ముందు, వేళ్లదాకా దిగేలా పెట్టాలి. సాయంత్రం తడి మానాలి. తడి గడ్డి కోయొద్దు, మొవర్ బ్లేడు పదునుగా ఉంచాలి. తెగులున్న చోట చివర్లో కోసి, మొవర్ కడిగి, ఆ గడ్డిని సంచిలో కట్టి పారేయాలి. రైజోక్టోనియా, పిథియం ఉన్నప్పుడు యూరియా ఆపాలి. డాలర్ స్పాట్‌కైతే కొద్దిగా వేస్తే మేలు.

అప్పటికీ ఆగకపోతే మందు. మచ్చల తెగుళ్లకు ప్రొపికొనజోల్, పిథియంకు మెటలాక్సిల్ పనిచేస్తాయి. ఒకదానిది ఇంకొకదానికి కొడితే డబ్బు దండగ. ఆ దేశంలో అనుమతి ఉన్న మందే, డబ్బా మీద రాసిన మోతాదులోనే కలపాలి.

మన ఒంటి సంగతి

గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు, బూట్లు, నిండు చేతుల చొక్కా లేకుండా పంపు భుజాన వేసుకోవద్దు. అవి అడగడం మన హక్కు. గాలి లేని పొద్దుటిపూటే కొట్టాలి. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. పని అయ్యాక స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. రూములో పదిమంది బట్టలతో కలపొద్దు.

ఒక్క మాట యజమానికి ముందే చెప్పి పెట్టాలి. మందు తెగులును ఆపుతుందే గానీ చచ్చిన ఆకును పచ్చగా చేయదు. కొత్త చిగురు వచ్చి మచ్చ కప్పడానికి వారాలు పడుతుంది. మచ్చ కనపడిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి సూపర్‌వైజర్‌కు పంపితే, రేపు మాట వచ్చినా మన దగ్గర ఆధారం ఉంటుంది.