భృతి ఇచ్చి నేర్పితేనే మనం విలేకరులం

మన హాస్టళ్ల పేర్లు పేపర్లో ఎప్పుడు వస్తాయో మనందరికీ తెలుసు. సాంబారులో పురుగు కనబడినప్పుడు, పిల్లలు జ్వరాలతో మంచం పట్టినప్పుడు, పెద్ద అధికారి తనిఖీకి వచ్చినప్పుడు. మన కృష్ణదేవిపేట పేరయితే జూలై 4న, మే 7న తప్పకుండా వస్తుంది. అల్లూరి సీతారామరాజు సమాధి ఇక్కడ ఉంది కదా, జయంతికీ వర్ధంతికీ దండలు వేసే ఫోటో పడుతుంది. మిగిలిన రోజుల్లో ఈ చుట్టుపక్కల పిల్లలు ఏం చదువుతున్నారు, పదో తరగతి తర్వాత ఎందుకు మానేస్తున్నారు అన్నది ఎవరికీ వార్తగా తోచదు. వార్త రాసే కుర్చీలో మన ఇళ్ల నుంచి వెళ్లిన వాళ్లు లేకపోవడమే ఇందుకు ముఖ్య కారణమని మేము అనుకుంటున్నాము.

ఇది ఊరికే అనే మాట కాదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుణ్ణి ఢిల్లీలో ఉన్న ఒక విదేశీ విలేకరి, మీకు తెలిసిన దళిత జర్నలిస్టు ఎవరైనా ఉన్నారా అని అడిగారట. ఆయన ఎంత వెతికినా ఒక్కరు కూడా దొరకలేదు. ఆ సంగతినే ఆయన 'పయనీర్' పత్రికలో రాశారు. పదేళ్ల తర్వాత, 2006లో, ఢిల్లీలోని 37 పత్రికలు, చానళ్లలో నిర్ణయాలు తీసుకునే 315 మంది ఎవరెవరని ఒక సర్వే చేశారు. వారిలో ఎస్సీ, ఎస్టీ ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి మళ్లీ చూశాయి. 121 పెద్ద పదవుల్లో 106 అగ్రకులాల వారివి. మన వాళ్లు సున్నా. ఇరవై మూడేళ్లలో ప్రభుత్వాలు మారాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, ఆ సున్నా మాత్రం అలాగే ఉంది.

మన వాళ్లకు రాయడం రాదా అంటే, అంబేద్కర్ గారు 'మూక్‌నాయక్' పెట్టింది 1920 జనవరి 31న. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. రాయడం ఎప్పుడో వచ్చు. రానిది జీతం.

మండల స్థాయిలో విలేకరి పని ఎలా ఉంటుందో తెలియని తమ్ముళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తున్నాము. బయటికి చూస్తే బైకు మీద 'ప్రెస్' అని రాసి ఉంటుంది, ఎమ్మార్వో ఆఫీసులో కుర్చీ వేస్తారు. లోపల చూస్తే ఆ మనిషికి చాలా చోట్ల నెల జీతమే ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇంత అని ఇస్తారు, దాన్నే లైన్ అకౌంట్ అంటారు. నెలంతా తిరిగితే వచ్చేది పెట్రోలుకు కూడా సరిపోదు. అందుకని పండగలకూ, నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు అడిగి తేవాలి, ప్రకటన మీద కమీషన్ వస్తుంది. ఎవరి దగ్గర ప్రకటన తీసుకున్నామో వారి మీద వార్త రాయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అసలు ప్రకటన అడగాలంటే కాంట్రాక్టరో, రైస్ మిల్లు యజమానో మనల్ని ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడేవాడై ఉండాలి. సొంత పొలమో, షాపో ఉన్నవాడికి ఇది గౌరవం తెచ్చే రెండో పని. కూలి డబ్బు మీద బతికే ఇంటి పిల్లవాడికి మాత్రం చేతి నుంచి డబ్బు పోయే పని. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినప్పుడు, అమ్మానాన్నా మొదటి నెల నుంచే ఎంతో కొంత పంపుతాడని చూస్తారు. ఏడాది ఉచితంగా నేర్చుకుంటాను అని ఏ నోటితో చెప్తాం? ఇంకొందరు మరీ ఘోరం, ఐడీ కార్డు ఇస్తాం డిపాజిట్ కట్టండి అంటారు. జీతం ఇవ్వాల్సిన వాడు మన దగ్గరే డబ్బు అడిగాడంటే అది ఉద్యోగం కాదు.

దీనికి విరుగుడు భృతి ఇచ్చి నేర్పడం. ఇది తెలుగునాట కొత్తేమీ కాదు. 'ఈనాడు' 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలోనే మొదలైంది. 1989లో జిల్లాకొక అనుబంధం వేయడం ప్రారంభించింది. అన్ని జిల్లాల పేజీలు నింపాలంటే ఎంతమంది కావాలో ఊహించుకోండి. 1991లో సొంత జర్నలిజం స్కూలు పెట్టింది. పత్రికలోనే నోటిఫికేషన్ వస్తుంది, డిగ్రీ ఉండాలి, పరీక్ష రాయాలి, ఎంపికైతే శిక్షణలో నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. తర్వాత కొన్నేళ్లు అక్కడే పని చేస్తామని ఒప్పందం రాయించుకుంటారు. ఫీజు కట్టి జర్నలిజం కోర్సు చదవలేని పల్లెటూరి పిల్లలకు ఈ పద్ధతి దారి చూపించింది. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇది మనకోసమని పెట్టింది కాదు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం, ధారాళమైన భాష, రోజూ రెండు పేపర్లు చదివిన అలవాటు పరీక్షలో అడుగుతారు. ఒక్క పేపరు కోసం వందమంది వరసలో నిలబడే హాస్టల్ రీడింగ్ రూముకు అది ఎంత దూరమో మనకు తెలుసు.

ప్రత్యేకంగా వెనుకబడిన వారినే పిలిచి నేర్పిన చోట్లు కూడా ఉన్నాయి. అమెరికాలో 1968లో కెర్నర్ కమిషన్, పత్రికల్లో నల్లజాతివారు నూటికి ఐదుగురు కూడా లేరని తేల్చింది. వారిని వెతికి, నేర్పి, పైకి తేవాలని చెప్పింది. అదే ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంలో వేసవి శిక్షణ మొదలైంది. మన దేశంలో ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో 2002లో 'ఖబర్ లహరియా' వచ్చింది. ఎక్కువమంది దళిత స్త్రీలు, కొందరికి చదువు అంతంతమాత్రం. వారికి నేర్పారు, పనికి డబ్బు ఇచ్చారు. వారి మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' సినిమా 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పొలం పనులు చేసే దళిత స్త్రీలకు వీడియో కెమెరా నేర్పింది. వాళ్లు వరంగల్ వెళ్లి బీటీ పత్తి రైతుల కష్టం చిత్రీకరించారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో ప్రారంభమైంది. కెమెరా పట్టిన మనిషి తానే పత్తి ఏరిన మనిషైతే, రైతును ఏం అడగాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. మాకు ఈ ఉదాహరణ అన్నిటికంటే ఎక్కువ నచ్చింది.

చట్టం వైపు నుంచి కూడా ఒక మాట. అప్రెంటిస్ అంటే ఫ్యాక్టరీలో నట్లు బిగించేవాడనే మన ఊహ. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 2014లో సవరించి, బీఏ, బీకాం లాంటి సాధారణ డిగ్రీల వారినీ అందులోకి తెచ్చారు. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల భృతి నిర్ణయించారు. అందులో సగం కేంద్రం తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాల్లో వాటా 1973 నుంచీ చట్టంలో ఉంది, అయితే అది ప్రభుత్వం పేర్కొన్న వృత్తులకే. పత్రికలో డెస్కు పనికీ, చానల్లో ఎడిటింగుకూ అలాంటి వాటా పెట్టమని అడగడంలో తప్పేముంది? సంఘాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు సభల్లో ఈ డిమాండు కూడా చేర్చాలి.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడే చేయగలిగిన పనులు కొన్ని. తెలుగు టైపింగ్ నేర్చుకోండి. రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక చిన్న వార్త తీసుకుని తెలుగులో రాసి, మర్నాడు తెలుగు పేపర్లో అదే వార్తతో పోల్చుకోండి. ఖర్చు లేని పని ఇది. హాస్టల్ గోడ పత్రికను ఆగస్టు 15 కోసం కాకుండా నెలకొకసారి వేయండి, అందులో కవితలతో పాటు నర్సీపట్నం బస్సు ఎందుకు ఆలస్యమవుతోందో కూడా కనుక్కుని రాయండి. ఎక్కడైనా శిక్షణకు ఎంపికైతే, ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే ముందు పూర్తిగా చదవండి. ఎన్నేళ్లు ఉండాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి, ఈ మూడూ చూసుకోవాలి. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా సీనియర్లకు ఫోన్ చేయండి. మా నంబర్లు వార్డెన్ సార్ దగ్గర రిజిస్టరులో ఉన్నాయి.