లోడ్ 41: సర్వర్‌ని ముంచింది ఎవరు?

పోయిన సెమిస్టర్ ఓఎస్ ల్యాబ్ ఇంటర్నల్‌కి ముందు రోజు సాయంత్రం. రికార్డులో మిగిలిపోయిన ప్రోగ్రాములు రన్ చేసుకుందామని రెండు సెక్షన్లూ ఒకేసారి డిపార్ట్‌మెంట్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యాం. రెండు సెకన్లలో అయ్యే కంపైల్‌కి ఇరవై సెకన్లు పడుతోంది. టైప్ చేసిన అక్షరం తెరమీదకి రావడానికే బతిమాలుకోవాల్సి వస్తోంది. క్లాస్ గ్రూపులో ఒకటే గోల: "ఎవడ్రా సర్వర్‌ని తినేస్తోంది?"

మా బ్యాచ్‌లో లినక్స్ కాస్త తెలిసినవాడిగా నాకో పేరుంది. ఆ పేరు కాపాడుకోవాలి కదా! వెంటనే 'పీఎస్' కమాండ్‌తో ప్రాసెస్‌లన్నిటినీ సీపీయూ వాడకం ప్రకారం వరసపెట్టి చూశా. మొదటి లైన్‌లో ఫైనలియర్ అక్క ఒకరి పైథాన్ ప్రోగ్రాం, పక్కన 372 శాతం. మిర్చి ఆకు ఫొటో చూసి తెగులు గుర్తుపట్టే మోడల్ ట్రైనింగ్ అది. రెండున్నర రోజులుగా నడుస్తోంది.

"దొరికింది సార్" అన్నా. ల్యాబ్ సార్ అక్కకి ఫోన్ చేశారు, ఎత్తలేదు. తర్వాతి రోజే ఎగ్జామ్, అరవై మంది వెయిటింగ్. సార్ 'కిల్' కొట్టేశారు.

అయిదు నిమిషాలు ఆగి చూశాం. సర్వర్ అంతే స్లోగా ఉంది.

అసలు దొంగ ఎవరో కాసేపట్లో చెప్తా. ముందు ఆ రోజు నేను చూడాల్సినవి, చూడకుండా వదిలేసినవి ఏంటో చెప్పాలి. పది మంది ఒకే మెషీన్ వాడే చోట ఇవి మీకూ పనికొస్తాయి. కమాండ్ల పేర్లు పలికినట్టే రాస్తున్నా, టెర్మినల్‌లో ఎలా కొట్టాలో మీకు తెలుసు.

వంద శాతం అంటే జబ్బు కాదు

మాది ఇబ్రహీంపట్నం. నాన్న థర్మల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేస్తారు. చిన్నప్పటి నుంచీ 'లోడ్' అనే మాట వింటూ పెరిగా. అక్కడ 210 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. ఆ తర్వాత 500ది ఒకటి, 800ది ఒకటి వచ్చాయి. యూనిట్ ఫుల్ లోడ్‌లో ఉందంటే ఇంట్లో ఎవరూ కంగారు పడరు. అది మంచి వార్త. పెట్టిన డబ్బుకి పని జరుగుతోందని అర్థం. కంగారంతా ఇచ్చేదానికన్నా అడిగేది ఎక్కువైనప్పుడే. అప్పుడు గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కిందకి జారుతుంది.

సీపీయూ కూడా అంతే. వంద శాతం వాడకం అనే అంకె ఒక్కటే చూసి జబ్బు అనలేం. సర్వర్‌లో ఒకే ఒక్క మోడల్ ట్రైనింగ్ నడుస్తూ అన్ని కోర్లూ వాడుకుంటే తప్పేముంది? ఖాళీగా ఉంచడానికి కొన్నామా? అడగాల్సింది 'ఎంత వాడుతున్నారు' అని కాదు, 'ఎంతమంది లైన్లో ఆగారు' అని. ఆ లైన్ పొడవు చెప్పే అంకె పేరే లోడ్ యావరేజ్.

బూడిద లారీల లెక్క

'అప్‌టైమ్' అని కొడితే చివర్లో మూడు అంకెలు వస్తాయి. గడిచిన ఒక నిమిషం, 5 నిమిషాలు, 15 నిమిషాల లోడ్ యావరేజ్‌లు అవి. ఇది నాకు బాగా అర్థమైంది మా ఊళ్ళో బూడిద లారీల కాటా దగ్గర. నాలుగు కాటాలు ఉన్నాయనుకోండి. కాటా మీదున్న లారీలు, వెనక ఆగిన లారీలు కలిపి ఎన్నో అదే లోడ్. నాలుగు ఉంటే కాటాలన్నీ బిజీ, లైన్ లేదు. రెండుంటే సగం ఖాళీ. 41 ఉంటే నాలుగు కాటా మీద, 37 రోడ్డు మీద. కాకపోతే సీపీయూ ఒక వింత కాటా. ఏ లారీనీ పూర్తిగా తూచదు. కాసేపు ఎక్కించి, దించేసి, ఇంకోదాన్ని ఎక్కిస్తుంది. అందుకే అందరి పనీ నడుస్తున్నట్టే ఉంటుంది కానీ ఎవరిదీ తెమలదు.

కాబట్టి లోడ్ అంకె చూసేముందు కోర్లెన్నో చూడాలి. 'ఎన్‌ప్రాక్' కమాండ్ చెప్తుంది. మన సర్వర్ పాతది, నాలుగు కోర్లు. ఆ రోజు లోడ్ 41. అంటే ఒక్కో కోర్‌కి పది మంది. రెండు సెకన్ల పని ఇరవై సెకన్లు ఎందుకైందో లెక్క సరిపోయింది కదా.

మూడు అంకెల్లో ఇంకో కబురు కూడా ఉంది. నిమిషం అంకె పెద్దదిగా, 15 నిమిషాల అంకె చిన్నదిగా ఉంటే గొడవ ఇప్పుడే మొదలైందని. మూడూ దగ్గర దగ్గరగా ఉంటే చాలాసేపటి నుంచి ఉందని. మాకు మూడూ 40 చుట్టూనే ఉన్నాయి. కానీ అక్క ప్రోగ్రాం రెండున్నర రోజులుగా నడుస్తోంది, పొద్దున ల్యాబ్‌లో సర్వర్ బానే ఉంది. ఈ ఒక్క మాట నాకు తట్టి ఉంటే చాలు, అక్కడే ఆగేవాణ్ణి.

లినక్స్‌లో ఒక మెలిక ఉంది. 1993 నుంచి లోడ్ లెక్కలో సీపీయూ కోసం చూసేవాళ్ళతో పాటు డిస్క్ లాంటి వాటి కోసం కదలకుండా ఆగిన ప్రాసెస్‌లు కూడా చేరాయి. 'టాప్'లో వాటి స్టేట్ 'డీ' అని కనిపిస్తుంది. అందుకని లోడ్ పెద్దదైనంత మాత్రాన సీపీయూ మీద కేసు పెట్టకూడదు. డిస్క్ చచ్చుబడినా లోడ్ పెరుగుతుంది.

సీపీయూ ఎవరికి పోతోంది?

'టాప్' తెరిస్తే పైన సీపీయూ లైన్ ఒకటి ఉంటుంది. అందులో ముఖ్యమైనవి అయిదు.

'యూఎస్': మనం రాసిన ప్రోగ్రాములకి పోయే టైం. ఇది ఎక్కువుంటే ఎవరిదో లెక్కల పని, లేదా ఎవరిదో అంతులేని లూప్.

'ఎస్‌వై': కెర్నల్‌కి పోయే టైం. లెక్కలేనన్ని ఫోర్క్‌లు, సిస్టమ్ కాల్స్ జరుగుతుంటే పెరుగుతుంది.

'ఎన్‌ఐ': నైస్ విలువ పెంచుకుని, 'నాకు తొందర లేదు, మీరు కానివ్వండి' అన్న మర్యాదస్తుల టైం.

'డబ్ల్యూఏ': డిస్క్ కోసం చూస్తూ కోర్ ఖాళీగా కూర్చున్న టైం. ఇది సీపీయూ వాడకం కాదు, ఖాళీ లెక్కలోదే.

'ఎస్‌టీ': క్లౌడ్ మెషీన్లలో మనకి రావాల్సిన టైంని పక్క వర్చువల్ మెషీన్ తీసుకుంటే కనిపించేది. ఇది పెరిగితే మీ ప్రాసెస్‌లని ఎన్ని చంపినా లాభం లేదు.

ఆ రోజు మాకు 'యూఎస్' 97, 'డబ్ల్యూఏ' సున్నా. అంటే డిస్క్ తప్పు లేదు, ఎవరిదో ప్రోగ్రామే. ఇక్కడిదాకా నా అనుమానం కరెక్టే. ఆ తర్వాతే తప్పాను.

పీఎస్ చెప్పిన పాత కబురు

నేను చూసిన 372 శాతం అబద్ధం కాదు, కానీ ఇప్పటి సంగతి కూడా కాదు. 'పీఎస్' చూపించే శాతం ఆ ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి తీసిన సగటు. మొత్తం వాడిన సీపీయూ టైంని అది బతికిన టైంతో భాగిస్తారు. అక్క ప్రోగ్రాం రెండున్నర రోజులు నాలుగు కోర్లూ వాడుకుంది, ఎందుకంటే అప్పుడు ఇంకెవరికీ అవసరం లేదు. చివరి మూడు గంటల్లో దాని వాటా పడిపోయినా, ఆ పాత సగటు పెద్దగా దిగలేదు. సెమిస్టర్ మొదట్లో రోజూ వచ్చి చివర్లో మానేసిన వాడి అటెండెన్స్ లాంటిదే ఇది.

'టాప్' అయితే గత కొన్ని సెకన్ల లెక్క చెప్తుంది. అందులో చూసి ఉంటే అక్క ప్రోగ్రాం నలభై శాతం దగ్గర ఉండేది. నాలుగు కోర్లకి నాలుగు వందల శాతంలో నలభై అంటే పదో వంతు. అంటే అక్క నేరస్తురాలు కాదు, మాలాగే బాధితురాలు. తన ట్రైనింగ్ కూడా పది రెట్లు నెమ్మదించింది.

రెండో తప్పు, మొదటి లైన్ మాత్రమే చూడటం. ఒక్కడు నలభై తింటే కనిపిస్తాడు. ముప్పై మంది తలో పది తింటే ఎవరూ కనిపించరు. ఎక్కువమంది వాడే సర్వర్‌లో ప్రాసెస్ వారీగా కాకుండా యూజర్ వారీగా కూడాలి. 'పీఎస్'తో యూజర్ పేర్లు మాత్రమే తీసి, 'సార్ట్', 'యూనిక్'కి ఇచ్చి ఎవరికి ఎన్ని ప్రాసెస్‌లున్నాయో లెక్కపెడితే ఒక్క నిమిషం పని. 'టాప్'లో 'యూ' నొక్కి ఒక్కో యూజర్‌ని విడిగా కూడా చూడొచ్చు.

ప్రోగ్రాం చంపినా లోడ్ 37 దగ్గరే ఆగిపోయాక అప్పుడు చేశా ఆ పని. లిస్టులో పైనున్న యూజర్‌కి 32 ప్రాసెస్‌లు. ఒక్కోటి పది పదకొండు శాతం. యూజర్ నేమ్ అంటే మన రోల్ నంబరే కదా.

అది నా రోల్ నంబర్.

అనాథ పిల్లలు

ఆ మధ్యాహ్నం ప్రొడ్యూసర్ కన్‌స్యూమర్ ప్రోగ్రాం రాశా. తండ్రి ప్రాసెస్ ఇద్దరు పిల్లల్ని ఫోర్క్ చేస్తుంది. ఫ్లాగ్ మారేదాకా ఆ పిల్లలు ఖాళీ 'వైల్' లూప్‌లో తిరుగుతూ కాచుకుంటారు. తండ్రి అవుట్‌పుట్ ప్రింట్ చేసి 'వెయిట్' పిలవకుండానే వెళ్ళిపోతుంది. నాకు ప్రాంప్ట్ తిరిగొచ్చింది, అవుట్‌పుట్ కరెక్ట్‌గా ఉంది, ఇంకేం కావాలి? అలా మార్చి మార్చి పదహారు సార్లు రన్ చేశా. పదహారు ఇంటూ రెండు, ముప్పై రెండు.

తండ్రి పోయిన ప్రాసెస్‌లని ఒకటో నంబర్ ప్రాసెస్ దత్తత తీసుకుంటుంది. వాటిని ఆర్ఫన్లు అంటాం. ఎగ్జామ్‌లో రాసే జాంబీలు వేరు. జాంబీ చచ్చిపోయింది, టేబుల్‌లో పేరు మిగిలింది, సీపీయూ తినదు. ఆర్ఫన్ బతికే ఉంటుంది, లూప్‌లో ఉంటే తింటూనే ఉంటుంది. నేను లాగౌట్ అయినా అవి పోలేదు, ఎందుకంటే టెర్మినల్ మూసినప్పుడు వచ్చే హ్యాంగప్ సిగ్నల్ ఇలా వెనక మిగిలిపోయినవాటికి అందదు.

కళ్ళు మూసుకుని 'పీకిల్' కొట్టా. రెండు నిమిషాల్లో లోడ్ 3కి వచ్చింది. గ్రూపులో అందరూ థ్యాంక్స్ చెప్పారు. రిప్లై ఇవ్వలేకపోయా.

1988లో కూడా ఇదే కథ

2 నవంబర్ 1988 రాత్రి అమెరికాలో ఇలాంటిదే చాలా పెద్దగా జరిగింది. కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్ యూటా యూనివర్సిటీలోని ఒక వ్యాక్స్ మెషీన్‌లో దూరింది. ఆ టైంలో మామూలుగా లోడ్ 1 ఉండేది. 9:21కి 5, 9:41కి 7, 10:01కి 16 అయింది. మరో అయిదు నిమిషాలకి కొత్త ప్రాసెస్ పుట్టే చోటే లేదు. అడ్మిన్ అన్నిటినీ చంపితే మళ్ళీ దూరి 10:41కల్లా 27కి చేర్చింది. కారణం ఒక డిజైన్ నిర్ణయం. మెషీన్‌లో తన కాపీ ఇంకోటి ఉందని తెలిసినా, ఏడింట ఒకసారి వెళ్ళిపోకుండా ఉండిపోయేలా రాశాడు. ఫైల్స్ ఏవీ చెరపలేదు. కాపీలు పెరగడమే మెషీన్లని పడుకోబెట్టింది.

చంపేముందు ఆపి చూడండి

నేను నేర్చుకున్న పెద్ద విషయం ఇది. 'కిల్' కమాండ్ చంపడానికే కాదు, సిగ్నల్ పంపడానికి. 'స్టాప్' సిగ్నల్ పంపితే ప్రాసెస్ ఉన్నచోట ఆగుతుంది, మెమరీ అలాగే ఉంటుంది. 'కంట్' పంపితే అక్కడి నుంచే మళ్ళీ నడుస్తుంది. ఆ సాయంత్రం అక్క ప్రోగ్రాంని ఒక్క నిమిషం ఆపి చూసి ఉంటే సర్వర్ బాగుపడలేదని తెలిసేది, తిరిగి నడిపించేవాళ్ళం. ఎవరిదైనా నిజంగా భారమైతే 'రీనైస్'తో 19కి దించొచ్చు. అప్పుడు మిగతావాళ్ళకి ముందు దారిస్తుంది, పని మాత్రం పోదు. 'నైన్' సిగ్నల్ ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాదు.

అడ్మిన్ వైపు కూడా ఒక ఉపాయం ఉంది. 2006లో గూగుల్ ఇంజినీర్లు మొదలుపెట్టిన సీగ్రూప్స్ 2008లో లినక్స్ కెర్నల్‌లోకి వచ్చాయి. వాటితో యూజర్‌కి ఇంత వాటా అని పెట్టొచ్చు. ఒకడు ముప్పై ప్రాసెస్‌లు తెరిచినా వాడి వాటాలోంచే తింటాడు, పక్కవాడి కంచంలోంచి కాదు.

ఇక మన వైపు. ఫోర్క్ చేస్తే 'వెయిట్' పిలవండి. ఖాళీ లూప్‌లో కాచుకోవద్దు, సెమఫోర్ వాడండి, అది నిద్రపోతూ ఎదురుచూస్తుంది. లాగౌట్ అయ్యేముందు మీ పేరుమీద ఏం మిగిలిందో ఒకసారి చూసుకోండి. రోజుల తరబడి నడిచే ట్రైనింగ్‌కి తప్పకుండా చెక్‌పాయింట్ పెట్టండి.

అక్క పెట్టలేదు. రెండున్నర రోజుల పని పోయింది. మర్నాడు ఎగ్జామ్ అయ్యాక వెళ్ళి జరిగిందంతా చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఒక్క మెసేజ్ పెడితే నేనే ఆపేదాన్ని కదరా" అంది, అంతే. రివ్యూకి టైం చాలక సగం ట్రైనింగ్ రిజల్ట్స్‌తోనే ప్రెజెంట్ చేసింది. గ్రూపులో మాత్రం 'సర్వర్ తినేసిన అక్క' అని ఇంకా జోకులేస్తున్నారు.

తిన్నది నేను. ఈ ఆర్టికల్ రాసింది అది చెప్పడానికి కూడా.