రంగుల ఉడుత.. నేల మీదికి రాదు!

భామ్రాగడ్: చూడగానే ఎవరో కూర్చుని రంగులద్దారా అనిపిస్తుంది. వీపున ముదురు ఎరుపు, భుజాల దగ్గర నలుపు, పొట్ట కింద మీగడ రంగు. ఒంటికన్నా పొడవైన కుచ్చు తోక. పిల్లి ఎంతుంటుందో ఇంచుమించు అంత కనిపిస్తుంది. ఇదీ ఉడుతే.. బెట్టుడుత! గడ్చిరోలి జిల్లా దక్షిణ అడవుల్లో కనిపించే ఈ జీవి మహారాష్ట్ర రాష్ట్ర జంతువు కూడా. మరాఠీలో శేక్రు అంటారు.

దాక్కుని బతకాల్సిన జంతువుకు ఇన్ని రంగులెందుకు? కింద నుంచి చూసేవాళ్లకు వచ్చే అనుమానమే ఇది. చిటారు కొమ్మల్లో ఎండ పొడలు పొడలుగా పడుతుంది. ఆ వెలుగునీడల్లో ఎరుపు, నలుపు వేర్వేరు ముక్కల్లా కనిపిస్తాయే తప్ప ఉడుత రూపం చిక్కదు. గద్ద వచ్చిందా.. కొమ్మకు కరుచుకుని కదలకుండా ఉండిపోతుంది.

ఇది మన కళ్లకు వింతే గానీ జాతి మొత్తానికీ సహజమైన రంగు. పక్కనున్న చంద్రాపూర్ జిల్లా తాడోబాలో 2018లో పర్యాటకులకు కనిపించిన నల్ల చిరుత సంగతి వేరు. అదేమీ కొత్త జాతి కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ నలుపు జన్యువు వస్తే మామూలు చిరుతే అలా పుడుతుంది. ఎండలో పరికించి చూస్తే ఒంటి మీద మచ్చలు కనబడతాయి కూడా.

కొమ్మే దారి

బెట్టుడుతకు తిండి, నిద్ర, కాన్పు అన్నీ చెట్టు మీదే. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు 20 అడుగుల దాకా దూకేస్తుంది. కొమ్మలు కలిసే చోట పుల్లలు, ఆకులతో బంతిలాంటి గూళ్లు కడుతుంది. ఒకటి కాదు, అవసరానికి రెండు మూడు. చిక్కల్లా మధ్యలో చెట్లు పోయినప్పుడే. రోడ్డు కోసమో, కలప కోసమో నాలుగు చెట్లు కొడితే దాని దారి తెగినట్టే. నేల మీదికి దిగిందంటే కుక్కలకో, వేటకో చిక్కుతుంది.

భామ్రాగడ్‌లో 104 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం 1997 నుంచి ఉంది. ఆలపల్లి దగ్గర 6 హెక్టార్ల పాత అడవిని 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మంచిదే. అయితే అడవి ముక్కలు ముక్కలుగా మిగిలితే ఈ ఉడుతకు చాలదు. ఒక ముక్క నుంచి ఇంకోదానికి కొమ్మలు అందాలి.

చూడాలంటే తెల్లారగానే వెళ్లాలి. మధ్యాహ్నం ఎండకు కొమ్మ మీద పడుకుంటుంది. మాటలు కట్టిపెట్టి, తల పైకెత్తి గుండ్రటి గూళ్ల కోసం వెతకండి. పైనుంచి గిలక ఆడించినట్టు గట్టిగా చప్పుడైతే.. అది మిమ్మల్ని ముందే చూసేసిందన్నమాట.