స్ట్రిప్ క్లబ్ బిల్లుకు ట్యాక్స్ మినహాయింపా? అమెరికా రూల్ ఏం చెబుతోందంటే..

క్లయింట్‌ను స్ట్రిప్ క్లబ్‌కు తీసుకెళ్లారు. బిల్లు వెయ్యి డాలర్లు అయింది. మర్నాడు దాన్ని కంపెనీ లెక్కల్లో ‘బిజినెస్ ఖర్చు’ కింద రాసేశారు. మరి ఆ మేరకు ట్యాక్స్ తగ్గుతుందా? అమెరికాలో ఒకప్పుడు సరైన ఆధారాలు చూపిస్తే కొంత తగ్గేది. ఇప్పుడు ఒక్క డాలర్ కూడా తగ్గదు. ఈ మార్పు ఎందుకొచ్చింది? అడల్ట్ ఎంటర్‌టైన్‌మెంట్‌కు మినహాయింపు ఉండాలా, వద్దా? వివరంగా చూద్దాం.

డిడక్షన్ అంటే ఏంటి?

వెయ్యి డాలర్ల డిడక్షన్ అంటే వెయ్యి డాలర్లు తిరిగి చేతికొస్తాయని కాదు. కంపెనీ లాభంలోంచి ఆ వెయ్యి తీసేసి, మిగిలినదానిపై ట్యాక్స్ లెక్కేస్తారు. 2017 వరకు ఎంటర్‌టైన్‌మెంట్ ఖర్చులో సగానికే డిడక్షన్ ఉండేది. అప్పట్లో కార్పొరేట్ ట్యాక్స్ గరిష్ఠ రేటు 35 శాతం. అంటే వెయ్యి డాలర్ల బిల్లుపై కంపెనీకి మిగిలేది 175 డాలర్లు. అదే 175 డాలర్లు ప్రభుత్వ ఖజానాకు తగ్గేది. సింపుల్‌గా చెప్పాలంటే పార్టీ బిల్లులో కొంత భాగం ఆ పార్టీకి వెళ్లని జనం మీద కూడా పడేది.

60 ఏళ్ల నాటి గొడవ

కంపెనీల డబ్బుతో జరిగే విలాసాలపై 1961లోనే ప్రెసిడెంట్ కెనెడీ అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాది చట్టంలోకి సెక్షన్ 274 వచ్చింది. రసీదు ఉండాలి, ఎవరితో వెళ్లారో, ఏ పని మీద వెళ్లారో చెప్పాలి. నైట్ క్లబ్ గోల మధ్య బిజినెస్ మాట్లాడామంటే అధికారులు ఓ పట్టాన నమ్మేవాళ్లు కాదు. దానికి ముందో, తర్వాతో అసలైన చర్చ జరిగిందని చూపించాల్సి వచ్చేది.

తర్వాత మినహాయింపు మెల్లగా కరిగిపోతూ వచ్చింది. 1987 నుంచి 80 శాతానికి, 1994 నుంచి 50 శాతానికి తగ్గింది. 2017 డిసెంబర్‌లో ట్రంప్ సంతకం చేసిన చట్టంతో 2018 నుంచి సున్నా అయింది. ఇది స్ట్రిప్ క్లబ్‌లకే కాదు, గోల్ఫ్‌కూ, బేస్‌బాల్ టికెట్లకూ వర్తిస్తుంది. అక్కడ తిన్న భోజనానికి బిల్లు విడిగా ఉంటే మాత్రం అందులో సగానికి డిడక్షన్ దొరుకుతుంది. అక్కడ కన్సల్టెన్సీలు, రెస్టారెంట్లు నడుపుతున్న మన తెలుగువాళ్లకూ ఇదే రూల్.

మరి క్లబ్ ఓనర్ సంగతేంటి?

ఇక్కడే అసలు ట్విస్ట్. క్లబ్ నడిపేవాళ్లకు అది వ్యాపారం. అద్దె, జీతాలు, లైటింగ్ ఖర్చులను వాళ్లు మామూలుగానే తీసేసుకోవచ్చు. 1994లో ఇండియానాకు చెందిన ఓ డ్యాన్సర్ విషయంలో ట్యాక్స్ కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆమె బ్రెస్ట్ ఇంప్లాంట్లను వృత్తి కోసం వాడే స్టేజ్ సామగ్రిలా చూసి, ఆ ఖర్చుకు మినహాయింపు ఇచ్చింది. 1958లో అయితే చట్టవిరుద్ధంగా బెట్టింగ్ నడిపినవాళ్లు కట్టిన అద్దెను, ఇచ్చిన జీతాలను కూడా తీసేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది.

అంటే ట్యాక్స్ చట్టం ఆ పని మంచిదా, చెడ్డదా అని చూడటం లేదు. ఆ ఖర్చు సంపాదన కోసమా, సరదా కోసమా అన్నదే చూస్తోంది. డ్యాన్సర్‌కు అది పని. టేబుల్ దగ్గర కూర్చున్న కస్టమర్‌కు కాలక్షేపం.

రెండు వైపులా వాదనలు

‘క్లబ్ చట్టబద్ధమైన వ్యాపారం. అక్కడే డీల్ కుదిరితే వచ్చే లాభంపై ట్యాక్స్ తీసుకుంటారు కదా, మరి ఖర్చును ఎందుకు వద్దంటారు?’ ఇది మినహాయింపు కావాలనేవాళ్ల ప్రశ్న. ఇందులో పాయింట్ లేకపోలేదు.

కానీ ఎక్కడ పని ఆగి ఎక్కడ సరదా మొదలైందో ఏ రసీదూ చెప్పదు. క్లయింట్‌తో పాటు తీసుకెళ్లినవాళ్లూ ఎంజాయ్ చేస్తారు. పైగా బిజినెస్ మాటలు అలాంటి చోట జరిగితే, అక్కడికి వెళ్లడం ఇష్టంలేని మహిళా ఉద్యోగులు ఆ డీల్‌కే దూరమవుతారు.

మన దగ్గర ఎలా?

భారత్‌లో ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమే అయ్యుండాలి. చట్టం నిషేధించిన పనికి పెట్టిన ఖర్చు చెల్లదు. డాక్టర్లకు ఫార్మా కంపెనీలు ఇచ్చే గిఫ్టుల ఖర్చుకు మినహాయింపు కుదరదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది అప్పటి 1961 చట్టంలోని సెక్షన్ 37 కిందే. క్లబ్ మెంబర్‌షిప్‌పై కట్టిన జీఎస్టీకి క్రెడిట్ కూడా దొరకదు.

ఫైనల్‌గా..

అమెరికాలో 2018 నుంచి చాలామంది ఉద్యోగులకు సొంత జేబులోంచి పెట్టిన పని ఖర్చుపై ఫెడరల్ ట్యాక్స్‌లో మినహాయింపు లేదు. ఆస్పత్రిలో ఉద్యోగం చేసే నర్సు తన డబ్బుతో యూనిఫామ్ కొనుక్కుంటే ఆ ఖర్చు ఆమెదే. అది లేకుండా డ్యూటీకి వెళ్లలేకపోయినా సరే. అలాంటప్పుడు క్లబ్ బిల్లుకు మాత్రం మినహాయింపు ఇవ్వాలంటే, ముందు ఆ నర్సుకు సమాధానం చెప్పాలి. క్లబ్‌కు వెళ్లొద్దని చట్టం ఎవరినీ ఆపడం లేదు. బిల్లు మాత్రం మీరే కట్టుకోండి అంటోంది, అంతే.