కొత్త బడిలో తొలి దినములు

అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రములకు ఏటేటా వేలాది యువజనులు వత్తురు. వారి సంచులలో ధ్రువపత్రములన్నియు భద్రముగా నుండును. ఆ ప్రక్కనే పంజాగుట్టలో కాలిబాటపై నిదురించి లేచిన బిడ్డకు, లేదా ఒక సంరక్షణాలయము వీడి పెంపుడు కుటుంబమును చేరిన బిడ్డకు అట్టి సంచి యెక్కడిది? పత్రములు లేవని ప్రధానోపాధ్యాయుడు వారిని త్రిప్పి పంపవచ్చునా?

పంపరాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము ప్రకారము, 6 మొదలు 14 ఏండ్ల బిడ్డకు వయోధ్రువపత్రము లేదనిగాని, టీసీ రాలేదనిగాని ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశము నిరాకరింపరాదు. పాత బడివారు టీసీని వెంటనే ఈయవలెను. బిడ్డను వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, తప్పిన పాఠములకు ప్రత్యేక శిక్షణ నొసగవలెను. ఇది మిక్కిలి వివేకముతో కూడిన నియమము. పదకొండేండ్ల బాలుని ఒకటవ తరగతి పసివారి నడుమ కూర్చుండబెట్టినచో వాడు ఎన్ని దినములు నిలుచును?

చట్టమునకు అందని సంగతి యొకటి కలదు. “మీ నాన్న పేరేమి? మీ ఇల్లెక్కడ?” అని పదిమంది యెదుట అడిగినచో ఆ బిడ్డ తల దించుకొనును. ఆ వివరములను ఉపాధ్యాయులు విడిగా, పెంచువారి వలన తెలిసికొనుట మేలని మా అభిప్రాయము. మధ్యాహ్న భోజనపు వేళ ప్రక్కన కూర్చుండుటకు ఒక నేస్తమును కూడ వారే కుదుర్చవచ్చును.

అట్టి బిడ్డ మన వీధిలో కనబడినచో, మనలో ఒకరు వెంట నడచి బడికి పోవచ్చును. అచ్చట కాదన్నచో 1098 నంబరుకు ఫోను చేయవచ్చును. దానికి రుసుము లేదు.