కందానికి ఎన్ని నడకలు?

కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు అని సామెత. ఆటవెలది గురించి ఎవరూ ఇలా అనలేదు. రెండూ నాలుగు పాదాల చిన్న పద్యాలే. సుమతీ శతకం కందాల్లో నడిచింది, వేమన పేరు వినగానే నోటికొచ్చేవి ఆటవెలదులు. మరి కందానికే ఆ బిరుదు ఎందుకు దక్కింది? దాని దారి అంత ఇరుకా? ఇరుకైతే ఎంత ఇరుకో లెక్కపెట్టి చూడొచ్చు కదా అనిపించి ఒక సాయంత్రం పైథాన్ తెరిచాను.

మాటల్నీ అర్థాన్నీ పక్కన పెట్టి గురులఘువుల వరుసను మాత్రమే చూద్దాం. కంద నియమాలకు లోబడి అలాంటి వరుసలు మొత్తం ఎన్ని ఉంటాయి? నా ప్రశ్న ఇంతే.

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. నాలుగు మాత్రల్ని నింపే తీరులు ఐదే: గగ, గలల, లగల, లలగ, లలలల. ఛందస్సు పుస్తకాల్లో వీటి పేర్లు వరుసగా గగ, భ, జ, స, నల. ఈ ఐదు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఏ వరుసైనా చివర లఘువుతోనో గురువుతోనో ముగుస్తుంది. లఘువుతో ముగిస్తే దాని ముందు ఒక మాత్ర తక్కువైన వరుస ఉంటుంది, గురువుతో ముగిస్తే రెండు మాత్రలు తక్కువైన వరుస ఉంటుంది. అంటే వెనకటి రెండు లెక్కల్ని కూడితే కొత్త లెక్క వస్తుంది: 1, 2, 3, 5, 8, 13... పీసా నగరపు ఫిబొనాచీ 1202లో కుందేళ్ల లెక్కగా చెప్పిన సంఖ్యలు ఇవే. అంతకు ముందే ప్రాకృత ఛందస్సును వివరిస్తూ విరహాంకుడు, ఆ తర్వాత 12వ శతాబ్దిలో హేమచంద్రుడు మాత్రల కోసమే ఈ కూడిక చెప్పారు. పద్యం కోసం పుట్టిన గణితం ఇది. తెలుగు బడిలో ఛందస్సు పాఠం, లెక్కల పాఠం ఒకే రోజు ఈ సంఖ్యల దగ్గర కలిస్తే ఎంత బాగుంటుందో అని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇక కందం నియమాలు. సగం పద్యానికి ఎనిమిది గణాలు, మొదటి పాదంలో మూడు, రెండో పాదంలో ఐదు. రెండో సగమూ అంతే. ప్రతి సగంలోనూ బేసి గణాలు, అంటే 1, 3, 5, 7 స్థానాల్లో ఉన్నవి, జగణం కాకూడదు. ఆరోది జగణమో నలమో అయి తీరాలి. ఎనిమిదోది గురువుతో ముగియాలి కాబట్టి అక్కడ గగ, స తప్ప మరో దారి లేదు. చివరిగా, మొదటి పాదం గురువుతో మొదలైతే నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి, లఘువుతో మొదలైతే నాలుగూ లఘువుతోనే. యతిప్రాసలు అక్షరాలకు సంబంధించినవి కనుక ఈ లెక్కలోకి తేలేదు.

పైథాన్‌లో ఇటర్‌టూల్స్ అనే పెట్టెలో ప్రాడక్ట్ అనే పనిముట్టు ఉంటుంది. ఐదు గణాల జాబితా ఇచ్చి ఎనిమిది స్థానాలు నింపమంటే, కుదిరే వరుసలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి అందిస్తుంది. అన్నిటినీ ముందే పేర్చి మెమరీ నింపేయదు, అడిగినప్పుడు ఒకటి తయారుచేసి ఇస్తుంది. పైథాన్ 3లో మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలోనే ఉండొచ్చు కనుక నా ప్రోగ్రాంలో గణాలూ పాదాలూ తెలుగులోనే ఉన్నాయి. సగం కందానికి పరీక్షించాల్సిన వరుసలు ఐదును ఎనిమిదిసార్లు గుణిస్తే వచ్చేటన్ని, అంటే 3,90,625. ల్యాప్‌టాప్‌కు ఇదో పని కాదు.

మొదటిసారి జవాబు 20,000 వచ్చింది. నిండుగా, నమ్మబుద్ధేసేలా ఉన్న అంకె. కానీ సుమతీ శతకంలో నాకు కంఠతా వచ్చిన పద్యాల్ని గురులఘువులుగా విడగొట్టి ఇస్తే, వాటిలో కొన్ని కందాలే కావు పొమ్మంది ప్రోగ్రాం. తప్పు పద్యాలది కాదు. పైథాన్ స్థానాల్ని సున్నా నుంచి లెక్కిస్తుంది. మనకు మొదటి గణం దానికి సున్నా స్థానంలో ఉంటుంది. నేను బేసి స్థానాల్లో జగణం వద్దని రాస్తే, అది మన 2, 4, 6, 8 స్థానాల్లో జగణాన్ని ఆపేసింది. ఆరో గణంలో జగణమున్న పద్యాలన్నీ అక్కడే ఆగిపోయాయి. దిద్దాక 25,600 వచ్చింది. చేత్తో చూసినా సరిపోతుంది: బేసి స్థానాలు నాలుగింటికీ నాలుగేసి దారులు, రెండో నాలుగో స్థానాలకు ఐదేసి, ఆరుకు రెండు, ఎనిమిదికి రెండు. గుణిస్తే 25,600. అప్పటి నుంచి ఏ లెక్క మొదలుపెట్టినా ముందు చేత్తో చేయగలిగినంత చిన్న ముక్క తీసుకుని, జవాబు తెలిసిన ఉదాహరణలతో పరీక్షించుకుంటున్నాను.

పూర్తి కందం దగ్గర ఈ పద్ధతి చతికిలబడుతుంది. పదహారు గణాలంటే 15,258 కోట్ల వరుసలు. సెకనుకు పది లక్షలు పరీక్షించినా 42 గంటలు పడుతుంది. ఇక్కడ చాలామంది ఇంకా వేగమైన కంప్యూటర్ కోసమో, పైథాన్ బదులు మరో భాష కోసమో చూస్తారు. అవి అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి, కానీ ఇది వాటిలో ఒకటి కాదు.

పదహారు గణాలూ నింపాక తప్పు వెతకడం ఎందుకు? మొదటి గణమే జగణమైతే, మిగతా పదిహేను స్థానాల్లో ఏది పెట్టినా అది కందం కాదు. ఆ ఒక్క చోట ఆగితే 3,051 కోట్ల వరుసలు చూడకుండానే రాలిపోతాయి. ఒక్కో గణం పెడుతూ, నియమం తప్పిన చోటే ఆగి, ఒక అడుగు వెనక్కొచ్చి మరో గణం ప్రయత్నించడం అన్నమాట. చదరంగం పలక మీద ఎనిమిది రాణులు ఒకదాన్నొకటి చంపుకోకుండా నిలబెట్టే పాత చిక్కుకూ, సుడోకుకూ ప్రోగ్రాంలు రాసేది ఇలాగే. అయినా నిలిచిన కందాలన్నిటినీ ఒక్కొక్కటిగా తాకాల్సిందే, అవి కోట్లలో ఉన్నాయి.

ఇంతకంటే మంచి దారి ఉంది. నన్ను ఎప్పుడూ ఆనందపెట్టేది ఇదే. మొదటి సగం పూర్తిచేసి తొమ్మిదో గణం ముందు నిలబడ్డాం అనుకోండి. వెనక వచ్చిన ఎనిమిది గణాల్లో ఇకమీదట మనకు పనికొచ్చే సమాచారం ఎంత? ఒక్కటే: పద్యం గురువుతో మొదలైందా, లఘువుతోనా. మిగతాదంతా మర్చిపోవచ్చు. మొదటి సగాన్ని సక్రమంగా దాటే దారులు గురువు వైపు 5,120, లఘువు వైపు 7,680. ఇన్ని వేల దారులూ తొమ్మిదో గణం దగ్గర రెండే ద్వారాల్లోకి వచ్చి చేరతాయి. ఒక్కో ద్వారం నుంచి ముందుకు ఎన్ని దారులున్నాయో ఒక్కసారి లెక్కించి గుర్తుపెట్టుకుంటే చాలు. బ్రిటన్‌కు చెందిన డొనాల్డ్ మిచీ 1968లో ఇలా గుర్తుపెట్టుకునే ప్రమేయాలకు (ఫంక్షన్లకు) మెమో అని పేరు పెట్టారు. పైథాన్‌లో ప్రమేయం నెత్తిన ఎల్‌ఆర్‌యూ క్యాష్ అనే ఒక్క పంక్తి రాస్తే ఆ జ్ఞాపకం దానంతటదే వస్తుంది. ఏది గుర్తుంచుకోవాలో తేల్చడం మాత్రం మన పనే. 42 గంటల లెక్క రెప్పపాటులో తేలింది.

5,120ని దానితోనే, 7,680ని దానితోనే గుణించి కూడితే 8,51,96,800. కందం నడకలు ఇన్ని. చివరి నియమం లేకపోతే ఇవి 65 కోట్లు దాటేవి.

ఇప్పుడు ఆటవెలది. ఇందులో సూర్యగణాలు రెండు: గల, లలల. ఇంద్రగణాలు ఆరు: లలలల, లలలగ, లలగల, గలల, గలగ, గగల. మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి సూర్యగణాలు. లెక్క వట్టి గుణకారమే, కానీ ఒక అనుమానం తీర్చుకోవాలి. ఇంద్రగణాల్లో కొన్నిటికి నాలుగు మాత్రలు, కొన్నిటికి ఐదు. ఒకే గురులఘు వరుస రెండు రకాలుగా విరిగితే దాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఆరింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ గణమూ మరో గణానికి మొదటి ముక్క కాదు. కాబట్టి ఎడమ నుంచి చదువుతూ పోతే విరుపు ఒక్కటే. మన లాక్షణికులు ఎంచిన గణాలకు ఈ గుణం ఉండటం చూసి నేను కాసేపు అలా ఉండిపోయాను.

ఆటవెలది నడకలు 8,49,34,656.

రెండు సంఖ్యల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా 2,62,144 మాత్రమే, అది రెండును పద్దెనిమిదిసార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. పొడవులోనూ దగ్గరే: కందానికి 64 మాత్రలు, ఆటవెలదికి 64 నుంచి 68. సామెత మెచ్చుకున్న పద్యానికే కాస్త ఎక్కువ దారులున్నాయి! ఇవే గణాలతో నడిచే తేటగీతికైతే 687,97,07,136, ఆటవెలదికి సరిగ్గా 81 రెట్లు.

అంటే కందం కష్టం దారుల సంఖ్యలో లేదు. ఆటవెలదిలో ఒక గణం ఎంపిక పక్క గణాన్ని కట్టిపడేయదు. గల వేసినా లలల వేసినా తర్వాతి అడుగు అంతే స్వేచ్ఛగా ఉంటుంది. కందంలో మొదటి అక్షరమే నాలుగో పాదం మొదలు దాకా శాసిస్తుంది. దాని పైన ప్రాస నాలుగు పాదాలనూ కలిపి కుడుతుంది, ఆటవెలదికి ఆ ప్రాస నియమం లేదు. మొదటి పాదంలో తొందరపడి ఎంచుకున్న మాట నాలుగో పాదంలో అడ్డం తిరుగుతుంది, అప్పుడు కవి వెనక్కి రావాలి. ప్రోగ్రాం చేసే పనే అది, కవి దాన్ని మనసులో చేస్తాడు.

లెక్క తేలాక మరో కోరిక పుడుతుంది. జాబితా అంతా రాయకుండా, ఫలానా సంఖ్య దగ్గర ఏ నడక ఉందో చెప్పగలమా? ప్రాచీన ఛందోవేత్త పింగళుడి సంప్రదాయంలో దీన్ని నష్టం అంటారు, నడకనిచ్చి సంఖ్య చెప్పడాన్ని ఉద్దిష్టం అంటారు. ఇరవై అక్షరాల వృత్తాలు 10,48,576 ఉంటే అందులో ఉత్పలమాల 3,55,799వది. గురువుకు సున్నా, లఘువుకు ఒకటి వేసి, మొదటి అక్షరానికి విలువ 1, ఆ తర్వాత ప్రతి అక్షరానికీ రెట్టింపు చేస్తూ కూడి, చివర ఒకటి కలిపితే ఈ సంఖ్య వస్తుంది. ఎవరైనా కాగితం మీద చేసి చూడొచ్చు.

కందానికి ఇంత సూటి సూత్రం లేదు కానీ, ప్రోగ్రాం గుర్తుపెట్టుకున్న లెక్కలే దారి చూపిస్తాయి. గణాల్ని గగ, భ, జ, స, నల క్రమంలో పేర్చుకుంటే గురువుతో మొదలయ్యేవి ముందు 2,62,14,400 ఉంటాయి. అడిగిన సంఖ్య అంతకంటే పెద్దదైతే పద్యం లఘువుతో మొదలవుతుంది. ఇలా ప్రతి గణం దగ్గరా పోల్చుకుంటూ పదహారు అడుగుల్లో నడక చేతికొస్తుంది. ఒకటో సంఖ్య ఇస్తే ఆరో గణాలు తప్ప అన్నీ గగలే, మొత్తం 34 అక్షరాల బరువైన కందం. చిట్టచివరి సంఖ్య 8,51,96,800 ఇస్తే 62 అక్షరాలు, రెండు సగాల చివరా ఒక్కో గురువు తప్ప అన్నీ లఘువులే. ఆ వరుస తెర మీద కనబడగానే గుర్తుపట్టాను. గజేంద్రుడి మొర విని పరుగెత్తే విష్ణువు వెనక లక్ష్మి అడుగుదామా వద్దా అని తడబడుతూ నడిచే చోట పోతన వాడిన కందం అదే.